కొడిమ్యాల అడివిల ఆగిన కారు

కోరుట్ల,
వానలు మొదలైన నెల.

అమ్మకు నీ బిడ్డ వసంత కాళ్లు మొక్కి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ అల్లుడు, నీ మనుమరాలు రాధిక ముగ్గురం పాణంతోని మంచిగనే ఉన్నం. వేములవాడ రాజన్న దయతోని అక్కడ భీవండిల నువ్వు, దేవేందరన్న, ఊర్మిల వదినె, పిల్లగాడు గూడ గట్లనే ఉన్నరని నమ్ముకొని రాస్తున్న.

అమ్మా, ఈ ఉత్తరం అన్నతోని సదివియ్యకు. వదినెకు గూడ ఇయ్యకు. నీకు అక్షరాలు అస్తయి గద, జర ఆలస్యమైనా నువ్వే కూసోని సదువుకో. వీడియో కాల్ల నీ మొఖం జూస్త, నువ్వు నా మొఖం జూసి నవ్వుతవు. గని పెండ్లైన కాన్నుంచి బట్టలు నేసే సాంచాల చప్పుల్ల పని చేసి చేసి నీ చెవులు పాయె. నేను ఒర్లి చెప్తె పక్కింటోళ్లకు ఇనవడుతది గని నీకు ఇనవడది. ఇప్పుడు నేను చెప్పేది ఒర్లి చెప్పే సంగతి కాదు.

నువ్వడిగినయన్నీ ముందుగాల చెప్త. రాధికకు జరం తగ్గింది. నాలుగు దినాలు బడికి పోలే, ఇప్పుడు పోతున్నది. మొన్న పన్ను ఊడితె కప్పు మీదికి ఇసిరేసింది, అది దొర్లి మల్ల వాకిట్లనే వడ్డది. మీ అల్లుడు మస్కట్ మాట మర్చిపోయిండు. ఈసారి పసుపు ఏసిండు, పొద్దుగాల లేస్తె శేన్లనే. సిరిసిల్ల ఇల్లు కారుతుందా అని అడిగినవు. వంటింటి మూల కారుతుండె, రేకు ఏపిచ్చిన. సాంచాలు అమ్మినంక ఆ షెడ్డు ఖాళీగనే ఉన్నది, ఎవలకు కిరాయికియ్యలే. లోపట నూనె వాసన ఇంక పోలే. నీ మోకాలికి పసరు కావాలన్నవు గద, ఊర్మిల వదినె వాళ్లక్క ఇక్కడికచ్చిపోతున్నది, ఆమెతోని సీసా పంపుతున్న. పండుకునే ముందు రాసుకో.

ఇగ కారు సంగతి.

పోయిన ఉత్తరంల నువ్వు రాసింది నేను ఎన్నిసార్లు సదివిన్నో. "ఆ కారు అమ్మెయ్ బిడ్డా. మీ బాపు ఆగిన కాడనే అది ఆగుతున్నదంటె ఆయన ఇంక అండ్లనే ఉన్నడు. నా నోటి మాటకే ఆయన అక్కడ ఆగిండు. ఏడాది మాసికానికి నేను రాను, ఏ మొఖం వెట్టుకొని రావాలె" అని రాసినవు. ఆ కాయిదం కింద నీళ్లు వడి అక్షరాలు చెదిరినయ్. ఏందని నేను అడుగలే.

కారు ఆగుతున్నదని నీకెవలు చెప్పిన్రో నాకు తెల్వది. నేనైతే నీకు తెల్వద్దనే అనుకున్న. తెలిసింది గన్క మొత్తం నేనే చెప్త. అన్న ఎంత చెప్పిండో, ఎంత దాసిండో.

బాపు పోయినంక కారును ఎవలు తీసుకుంటరని అన్న అడిగినప్పుడు నేనే తీసుకున్న. మీ అల్లుడు వద్దన్నడు. చచ్చిన మనిషి కూసున్న సీట్ల ఎట్ల కూసుంటవన్నడు. నాకు బండి నేర్పింది బాపే గద. సాంచాలు బందైనంక ఆయన కిరాయికి కారు నడిపినప్పుడు, ఖాళీగున్న దినం వేములవాడ బైపాసు మీదికి తీస్కపోయి నేర్పిండు. ఆయన సీటు ముందుకు జరపకుండనే ఈపు ఎనుక దిండు వెట్టుకొని నడుపుతున్న. సిరిసిల్లల బట్టల మూటలు ఏసుకొని, వేములవాడల కొన్ని దించి, కొడిమ్యాల మీదికెల్లి జగిత్యాలకు, అక్కడికెల్లి కోరుట్లకు. గిదే నా తొవ్వ. బాపు తొవ్వ గూడ గిదే.

మొదటిసారి చలికాలంల ఆగింది. కొడిమ్యాల దాటినంక అడివిల గుట్ట ఎక్కుడు తొవ్వ అస్తది గద, అక్కడ. ముందుగాల పాట బందైంది. తర్వాత లైట్లు గుడ్డిగైనయ్. ఇంజను రెండు మూడుసార్లు దగ్గినట్టు చేసి ఆగింది. తాళం తిప్పితె టిక్కు టిక్కు అంటది, అంతే. నేను దిగి జూస్తె, అమ్మా, బాపు ఆగిన మోదుగు చెట్లు, గా చిన్న కల్వర్టు, గదే జాగ. 

కోరుట్లల భాస్కర్ అని మెకానిక్ ఉన్నడు, మీ అల్లుని దోస్తు. తొవ్వల పోయేటోళ్లతోని కబురు పంపితె ఆయన అచ్చి వేరే బ్యాటరీకి వైర్లు వెట్టి స్టార్ట్ చేసి తీస్కపోయిండు. "డైనమో పోయింది వదినా" అన్నడు. ఇంజను తిరుగుతుంటె బ్యాటరీని నింపేది అదే. దాన్నే ఆల్టర్నేటర్ అంటరు. వేరేది ఏసిండు. మీటర్ వెట్టి జూపిచ్చిండు, మంచిగ చార్జ్ అయితున్నదన్నడు. కొన్ని దినాలు ఏ లొల్లి లేకుండె. తర్వాత మల్ల పొద్దుమీకి, మల్ల గదే అడివిల ఆగింది. భాస్కర్ బెల్ట్ మార్చిండు, బ్యాటరీని చార్జింగ్ వెట్టిండు, అది గూడ కాదని ఇంకో డైనమో ఏసిండు. షాపుల నిలవెడితె ఏ దోషం లేదు. తొవ్వల పోతె గదే చోట సచ్చిపోతది. ఆఖరికి భాస్కర్ నా మొఖం జూడకుండ మీ అల్లునితోని అన్నడట, "అన్నా, నాకు తెలిసినయన్నీ జూసిన. ఇగ ఇది నా చేతులది కాదేమో. ఎవలకన్న జూపియ్యిన్రి" అని. ఎవలకంటె మెకానిక్కుకు కాదు, ఆ మాట అర్థం వేరే.

అప్పటికెల్లి వాడకట్టంత గదే ముచ్చట. బాపు పేరు వెట్టి, సాయిలు కారుల సాయిలే ఉన్నడు, పోనిస్తలేడు అని. నీ దాక అచ్చింది గూడ గదే అయ్యుంటది.

ఇప్పుడు బాపు పోయిననాటి సంగతి రాయాలె. నువ్వు అప్పుడు సోయిల లేవు. తొవ్వల పోయేటోళ్లు కబురు చేస్తె, మిమ్ములను తీస్కపోదామని భీవండికెల్లి అచ్చి ఉన్న అన్న, మీ అల్లుడు, నేను ముగ్గురం పోయినం. నేను జూసింది ఎవ్వలకు పూరాగ చెప్పలే.

కారు సడుగు పక్కకు మంచిగ ఆపి ఉండె. బానెట్ మూసి ఉండె. బాపు సీట్ల కూసోని ఉన్నడు, తల అద్దం దిక్కు ఒరిగి ఉన్నది. తాళం చెవి తిప్పే ఉన్నది. చెప్పులు మాత్రం కాళ్లకు లేవు. బయట ముందటి చక్రం కాడ, మట్టిల, రెండు చెప్పులు పక్కపక్కన వెట్టి ఉన్నయ్. గుడి ముంగట ఇడిచినట్టు. అవి జూసి అక్కడున్నోళ్లు ఒకల మొఖం ఒకలు జూసుకున్నరు. మన సిరిసిల్లోళ్లకు ఆ చూపు ఎరికే గద అమ్మా. చెరువు కట్ట మీద, బాయి కాడ పాణం తీసుకునేటోళ్లు గట్ల ఇడిచిన చెప్పులు మనం ఎన్ని జూడలే. బ్యాటరీ దిగి ఉంటె ఇంకో కారుకెల్లి వైర్లు వెట్టి స్టార్ట్ చేసిన్రు. ఇంటి దాక ఒక్క దగ్గు దగ్గకుండ అచ్చింది. అప్పుడే సాయానికచ్చి పక్కన కూసున్నాయన అన్నడు, "బండిల ఏం దోషం లేదు. మరి మనిషి ఈ అడివిల ఎందుకాగిండు?"

డాక్టర్ గుండె ఆగిందన్నడు. పోలీసులు కోసి జూపిస్తమా అంటె అన్న వద్దన్నడు. గందుకే మంది నోళ్లు మూతవడలే. ఏదో మింగిండన్నరు. నువ్వేమో ఆనాడు పొద్దుగాల ఆయనతోని పంచాది వెట్టుకున్నవు. భీవండికి పోదాం, కొడుకు పిలుస్తున్నడు, ఈ ఊర్ల ఇంకేమున్నదని నువ్వు. నేను ఈడ పుట్టిన, ఈడనే ఉంటనని ఆయన. "ఉండు మరి, ఒక్కనివే ఉండు, రాకున్నా మంచిదే" అన్నవని మూడోనాడు నా ఒళ్లె తల వెట్టి నువ్వే చెప్పినవు. నేను నీ తల నిమిరిన గని, "గట్ల కాదమ్మా" అని అనలే. ఎందుకంటె నేను గూడ గట్లనే అనుకున్న.

ఇదే నీకు చెప్పాల్సింది. ఇన్ని దినాల సంది మింగుకొని ఉన్న. నువ్వు ఒక్కదానివే కాదు, నేను గూడ బాపు కావాల్నని ఆగిండనే నమ్మిన. నిన్ను ఏమనలే గని ఆయన మీద నాకు శాన కోపముండె. ఇంట్ల బిడ్డ ఉన్నది, ఒక్క ఫోన్ చేసి ఒక్క మాట అనబుద్ధి కాలేదా నీకని. ఆ అడివిల సిగ్నల్ ఉండదని తెలిసి గూడ.

కారు అక్కడ ఆగుడు మొదలైనంక ఆ కోపం వేరే తీరుగ మారింది. రెండోసారి ఆగినప్పుడు నేను దిగలే. అద్దాలు ఎక్కిచ్చుకొని కూసున్న. చెడగొట్టు వాన వడుతుండె. రేకు మీద వాన అంటె నీకెరికే, మన షెడ్ల సాంచాలన్నీ ఒక్కసారి ఆడినట్టే ఉంటది. ఆ చప్పుల్ల బాపు నన్ను పిలిచినట్టైంది. ఆయన మనలను ఎప్పుడు ఒర్లే పిలిచేది గద, సాంచాల మీదికెల్లి ఇనవడాలని. "వసంతోయ్" అని గట్లనే. నేను ఉలికివడి ఎనుకకు జూసిన. బట్టల మూటలున్నయ్. నేను మెల్లగ "ఆఁ బాపూ" అన్న.

అప్పటికెల్లి నేను ఆ తొవ్వల పనున్నా పోయిన, పని లేకున్నా పోయిన. జగిత్యాలకు కరీంనగర్ మీదికెల్లి పోవచ్చని మీ అల్లుడు ఎన్నిసార్లు చెప్పినా ఇనలే. కారు మంచిగ గెలిచి ఆ ఎక్కుడు దాటితె నాకు పాణం ఉసూరుమంటుండె. ఆగిన దినం సీటుకు ఆనుకొని అన్నీ అడుగుతుంటి. ఎందుకు ఆగినవు, ఏం తాగినవు, మేమేం తక్కువ చేసినం, అమ్మ ఒక్క మాటంటె గంత పట్టిచ్చుకుంటవా. జవాబు అస్తదని కాదు. అడుగుటానికి ఒక జాగ దొరికింది. జగిత్యాలల మంచి ఎలక్ట్రీషియన్ ఉన్నడట, తీస్కపోదామని మీ అల్లుడు అంటె రేపు, ఎల్లుండని తప్పిచ్చుకున్న. బాగుచేపియ్యబుద్ధి కాలే అమ్మా. బాగైతె ఆయన పోతడనిపిచ్చింది.

రాధిక జరం సంగతి పైన రాసిన గద. అది ఎట్లచ్చిందో రాయలే. సెలవని ఆ దినం నాతోని సిరిసిల్లకు తీస్కపోయిన. మర్రచ్చేటప్పుడు కారు మల్ల ఆగింది. ముసురు వడుతున్నది, చలి. నేను అలవాటు చొప్పున సీటుకు ఆనుకొని మాట్లాడుతున్న. పిల్ల ఎనుక మూటల మీద పండుకున్నదనుకున్న. జరసేపటికి అది లేచి నా భుజం మీద చెయ్యి ఏసింది.

"అమ్మా, తాత అచ్చిండా?"

"లేదు బిడ్డా, పండుకో."

"మరి ఎవలతోని మాట్లాడుతున్నవు?" అన్నది. తర్వాత ఖాళీ సీటు దిక్కు జూసుకుంట, మెల్లగ, "నేను గూడ మాట్లాడాల్నా?" అన్నది.

దాని చెయ్యి కాలుతున్నది. నేను సూసుకోనే లేదు. అప్పుడు తెలివికచ్చింది నాకు. పిల్లను కొంగు కప్పి ఎత్తుకొని, వానల సడుగు మీద నిలవడి చెయ్యి అడ్డం వెట్టిన. కొడిమ్యాల దిక్కు పోయే ట్రాక్టరాయన ఎక్కిచ్చుకున్నడు. దవాఖానల పిల్లకు సూదిచ్చేటప్పుడు నాకు ఒక్కటే భయం. బాపు కోసం పోయి బిడ్డను పోగొట్టుకుందునా అని.

పిల్ల తేరుకున్నంక, మీ అల్లుడు మల్ల అడుగకముందే నేనే అన్న, "జగిత్యాల తీస్కపోదాం" అని.

ఆ ఎలక్ట్రీషియన్ పేరు కొమురయ్య. బైపాసు కాడ రేకుల షెడ్డు, ముంగటంత బురద. డైనమో రెండుసార్లు మార్చిన్రని మీ అల్లుడు చెప్పంగనే ఆయన అన్నడు, "అది పాడైతె గద మార్చాలె." తర్వాత నా దిక్కు మర్రి, "నడిపేది నువ్వేనా చెల్లె? తొవ్వల బండి ఏడేడ బంద్ చేస్తవు?" అన్నడు.

"వేములవాడల మూటలు దించుతందుకు బంద్ చేస్త అన్నా. మల్ల స్టార్ట్ చేసి అస్త."

"ఇంజను కాగి ఉంటది గద అప్పటికి" అని తలూపి, తాళం తిప్పుమన్నడు, స్టార్ట్ చెయ్యకుండ. డ్యాష్ బోర్డు మీద ఎర్ర బ్యాటరీ బొమ్మ ఎలిగిందా అన్నడు. ఎలిగిందన్న. స్టార్ట్ చేస్తె ఆరింది. భాస్కర్ లెక్కనే మీటర్ వెట్టిండు, అంతా మంచిగనే ఉన్నది. నాకు లోపల్లోపల నవ్వచ్చింది, ఈయనకు గూడ దొరకదని. ఆయన మాత్రం తొందరవడలే. ఇంజన్ను గట్లనే నడువనిచ్చి చాయ తెప్పిచ్చిండు. బాగ కాగినంక బంద్ చేపిచ్చి, మల్ల తాళం తిప్పుమన్నడు.

"ఇప్పుడు?"

ఎర్ర బొమ్మ ఎలగలే. మిగిలినయన్నీ ఎలిగినయ్, అదొక్కటే లేదు.

"గిది" అన్నడు. "మందికి ఆ ఎర్రది ఎలగకుంటె బండి మంచిగున్నట్టు అనిపిస్తది. గని తాళం తిప్పంగనే అది ఒకసారి ఎలగాలె. అక్కడికెల్లి ఒక సన్నటి వైరు డైనమోకు పోతది. మొదటి కరెంటు అండ్లకెల్లే అందాలె. అది తెగితె కొత్త డైనమో గూడ ఊకె తిరుగుతది, బ్యాటరీని నింపది. వైరు ఏడనో సగం అతుక్కొని ఉన్నది. సల్లగుంటె అంటుతది, కాగితె ఇడుస్తది. వేములవాడల బంద్ చేసి మల్ల స్టార్ట్ చేసినవంటె అక్కడికెల్లి నువ్వు ఒట్టి బ్యాటరీ మీద పోతున్నట్టు. లైట్లు, వైపర్లు ఏసుకొని ఆ ఎక్కుడు దాక పోతది, అక్కడ సస్తది. ఇంక ముందుకు పోదు."

"గదే జాగల ఎందుకు అన్నా?" అన్న. 

"కచ్చితంగ గదే జాగలనా?"

నేను ఆలోచన చేసిన. నిజం చెప్పాలంటె ఒకసారి జర ఈవల, ఒకసారి జర ఆవల. ఎప్పుడు మోదుగు చెట్లు కనవడేవి గన్క నేను గదే జాగ అనుకున్న. చెప్పలే ఆయనకు. 

ఆ వైరు డైనమో ఎనుక, కింది దిక్కు ఉంటదట. పైకెల్లి చెయ్యి అందదు, చక్రం పక్కకెల్లి దూర్చాలె. కొమురయ్య చక్రాన్ని సీదాకు తిప్పుమని, కింద బురద జూసి, కాళ్ల చెప్పులు ఇడిచిండు. రెండు పక్కపక్కన వెట్టి వాటి మీద మోకాళ్లు ఆనిచ్చి వంగిండు.

 ఆయన లేచి పానా కోసం షెడ్ల పోయిండు. చెప్పులు అక్కడనే ఉన్నయ్. ముందటి చక్రం కాడ, మట్టిల, పక్కపక్కన. గుడి ముంగట ఇడిచినట్టు.

నేను మీ అల్లుని చెయ్యి పట్టుకున్న. ఆయన గూడ వాటినే జూస్తున్నడు. 

కొమురయ్య మల్ల వంగి, వైర్ల కట్టకు భాస్కర్ చుట్టిన నల్ల టేపు ఇప్పుకుంట పోయిండు. ఎంతోసేపటికి "చెల్లె, ఇటు రా" అన్నడు. "దీన్ని ఎవలో ముందే అతికిన్రు. గని మెకానిక్ పని కాదిది. టేపు లేదు, టంకం లేదు. దారం సుట్టిండు."

బ్యాటరీ లైటు పట్టుకొని వంగి జూసిన. సన్నటి వైరు తెగిన కాడ రెండు కొసలు మెలివెట్టి, దాని మీద తెల్ల దారం సుట్టి ఉన్నది. సన్నగ, దగ్గరదగ్గర, ఒక్క సుట్టు మీద ఇంకో సుట్టు ఎక్కకుండ. నూనెకు నల్లవడ్డది గని సాంచాల మీద ఏసే నూలే అది. కొసకు ముడి. తెగిన పోగును అతికే ముడి అమ్మా, మన ముడి. ఆయన నన్ను ఒళ్లె కూసోవెట్టుకొని నేర్పిన ముడి, నువ్వు కండ్లు మూసుకొని ఏసే ముడి. సాంచాలు అమ్మినంక గూడ బాపు కారు డబ్బాల ఒక కండె నూలు వెట్టుకొని తిరిగేది గద. మూట తాడు తెగితె పనికస్తదని.

నేను బురదల్నే కూసున్న. చెప్పులు గూడ ఇడువలే.

ఏడ్సిన. ఆనాడు గూడ గంత ఏడ్వలే. కొమురయ్యకు మీ అల్లుడు ఏం చెప్పిండో తెల్వది, ఆయన దూరం పోయి నిలవడ్డడు. తర్వాత అచ్చి మెల్లగ అన్నడు, "చెల్లె, పెద్దమనిషి తప్పు అతకలే. సరిగ దొరికిచ్చుకున్నడు రోగాన్ని. చేతిల టంకం లేదు గన్క రాను రాను సడలి కాగినప్పుడు ఇడిచింది. ఆయన అతికినంక బండి ఇంటికచ్చిందా లేదా?"

అచ్చింది. ఒక్క దగ్గు దగ్గకుండ అచ్చింది. మందంత బండిల దోషం లేదన్నది గందుకే. బాపు ఆ దోషం తీసి, బానెట్ మూసి, సీట్ల కూసోని తాళం తిప్పిండు. బ్యాటరీల అప్పటికే ఏం మిగలలే. ఎవలన్న అస్తె వైర్లు అడుగుదామని కూసున్నడో, ఎండకు వంగి వంగి అలసిండో, అట్లనే గుండె ఆగింది. మనం పోయేటాలకు ఆయన చెయ్యాల్సింది చేసే ఉంచిండు.

నువ్వు నమ్మవని నాకు తెలుసు. నీ మాట మీద నీకు గంత కోపమున్నది. అందుకే నేను ఇంకొక పని చేసిన.

కొమురయ్య కొత్త వైరు ఏసి టంకం వెట్టిచ్చినంక, రెండు దినాలకు ఒక్కదాన్నే అటు పోయిన. ఎక్కుడు మీద కారు ఆగలే. మొదటిసారి నేనే ఆపిన. ఆపి, కల్వర్టు కాడ నిలవడి అటిటు జూసిన. చెట్ల ఎనుకకెల్లి గొర్ల మంద అచ్చింది, దానెనుక గొంగడి కప్పుకున్న ముసలాయన. పేరు భీమయ్య, పక్క గూడెమేనట. పోయినేడు వానలు ఆలస్యమై ఎండలు కొట్టినప్పుడు ఇక్కడ ఒక తెల్ల కారు ఆగింది, జూసినవా తాతా అనడిగిన. ఆయన నన్నే మర్రి అడిగిండు.

"నువ్వు ఆయనకేమైతవు?"

"బిడ్డను."

కట్టె మీద రెండు చేతులు ఆనిచ్చి నిలవడ్డడు. "పోలీసులు అచ్చిన్రని ఇన్న బిడ్డా, గందుకే ఇటు దిక్కు కొన్ని దినాలు రాలే. భయమైంది. ఎవలన్న అడుగుతరేమో, ఏమన్న అంటరేమో అని. ఎవలు అడుగలే. నా కడుపుల అట్లనే ఉండిపోయింది."

"ఏం జూసినవు తాతా?"

"మందను తోలుకపోతుంటె జూసిన. బండి మూతి తెరిచి ఉన్నది. చెప్పుల మీద మోకాళ్లు వెట్టి వంగిండు. ఏమైందంటె, సన్న తీగ తెగింది తాతా, అతికిన, ఇగ నడుస్తది అన్నడు. మస్తు చెమటలు వట్టినయ్. నా సొరకాయ బుర్రల నీళ్లిస్తె తాగి, జర మొఖం కడుక్కున్నడు. జర నీడకు కూసో కొడుకా, తర్వాత పోదువు అన్న. కూసోలే."

ఆ తర్వాత ఆయన చెప్పింది నేను మల్ల మల్ల అడిగి చెప్పిచ్చుకున్న. ఒక్క మాట గూడ నేను కలుపలే అమ్మా. రాజన్న మీద ఒట్టు.

బాపు నవ్విండట. చేతులు తుడుసుకుంట అన్నడట, "లేదు తాతా, జల్ది పోవాలె. పొద్దుగాల మా ఆమెతోని లొల్లి వెట్టుకొని అచ్చిన. కొడుకు కాడికి భీవండికి పోదామంటది, నేను రానన్న. తొవ్వ పొడుగుత ఆలోచన చేసిన, ఆమె అన్నదే కరెక్టు. పోదాం తియ్యని చెప్పాలె. పొద్దుగూకితె ఆమె తినకుండనే పండుకుంటది."

భీమయ్య మందను తోలుకొని వాగు అవతలికి పోయిండు. మర్రి జూడలేదట.

అమ్మా, ఇప్పుడు కారు ఆగుతలేదు. ఆ ఎక్కుడు దాటుతుంటె నేను అద్దం దించుత, ఏం ఇనవడది. గాలి అస్తది, అంతే. నాకు ఖాళీగ అనిపిస్తది, అబద్ధమెందుకు ఆడాలె. గని ఆయన అక్కడ లేడు. అక్కడ ఉండాలని ఆయన ఒక్క గడియ గూడ అనుకోలే.

ఏడాది మాసికానికి రా. భీవండి బస్సు కోరుట్లకు పొద్దుగాలనే అస్తది, నేను ఎదురస్త. నువ్వు అక్కడికి పోయింది ఆయనను కాదని పోయినట్టు కాదు. ఆయన ఒప్పుకున్నడు. ఆనాడు పొద్దుగూకకముందే నీకు చెప్పాల్నని బయలెల్లిండు. ఆయన చెప్పలేకపోయిన మాటను ఈ కాయిదం మీద నేను తెస్తున్న, గంతే.

తిని పండుకో అమ్మా.

ఇట్లు,
మీ ఇద్దరి బిడ్డ
వసంత